చాటింపు వేసిన కడప బస్సు

కర్నూలు నుంచి కడపకు పోవాలంటే అప్పట్లో నంద్యాలలో ఒకసారి, మైదుకూరులో ఒకసారి బస్సు మారాలి. ఒక ఓనరుకు ఇంకో ఓనరంటే పడదు. మన బస్సు వచ్చేది చూసి మరీ అవతలి బస్సు కదిలిపోయేది. ఏ సత్రంలోనో పండుకుని మర్నాటికి చేరేవాళ్లం. అలాంటిది మా అన్న కూతురు మార్తమ్మకు కడప మిషను ఆసుపత్రిలో నర్సు చదువుకు పిలుపొచ్చిందని చర్చి అయ్యగారు ముందురోజు సాయంత్రం చెప్పారు. మర్నాడు మూడింటిలోపు డాక్టరమ్మ ముందు నిలబడాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

మా అదృష్టం, ఆ పొద్దే సుబ్బిరెడ్డి అనే ఓనరు కడపకు నేరుగా ఒక బస్సు నడిపి చూస్తున్నాడు. పర్మిట్ల ఆఫీసరు కూడా అందులోనే వస్తాడట. రెండింటికల్లా కడప చేరితే రెడ్డికి ఆ దారి ఇస్తారు.

ఆరింటికి కదిలాం. ముందు సీట్లో ఆఫీసరు, రెడ్డి. వాళ్ల వెనక నేనూ మార్తమ్మా. నంద్యాలలో ఇంజనుకు నీళ్లు పోశారు, నేను ఇడ్లీలు తిన్నాను. మార్తమ్మ ముట్టలేదు.

నంద్యాల దాటగానే రోడ్డుకు అడ్డంగా జనం, డప్పులు. “ఊరూరా చాటింపు వేయించినాను సార్,” అన్నాడు రెడ్డి మురిసిపోతూ. బస్సుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, రెడ్డికి దండేసి వదిలారు. తర్వాతి ఊర్లోనూ అంతే. ఆ తర్వాతా అంతే. ఆళ్లగడ్డ చేరేసరికి దండలు రెడ్డి గడ్డం దాకా వచ్చాయి. మొహంలో నవ్వు మాత్రం లేదు.

“ఇంగ నిలపొద్దురా మస్తానూ,” అన్నాడు డ్రైవరుతో.

“యాడ పోదును రెడ్డన్నా? ఆడోళ్లు హారతి పట్టుకోని రోడ్డు మిందనే ఉండారు గదా!”

“నీ చాటింపే నిన్ను తినింది లేప్పా,” అన్నాడు వెనక సీటు ముసలాయన. బస్సంతా నవ్వింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

మైదుకూరుకు ఇవతల ఒక పల్లెలో ఏకంగా మంచాలు అడ్డం వేశారు. ఒక పెద్దామె ముందుకొచ్చింది.

“తొలిసారి మా ఊరి మింద పోతాండారు, తినకుండా యాడికి పోతారు? సంగటి ఉడుకుతాండాది. దిగండి. మా పల్లె కాడ బస్సు నిలుపుతామని ఒప్పుకోని పోండి.”

ఆఫీసరు కాదనలేక దిగాడు. “సీటు పోయినట్టే అత్తా,” అంది మార్తమ్మ.

నేను దిగి ఆ పెద్దామె చేతులు పట్టుకున్నాను. “అమ్మా, మూడింటికల్లా ఆసుపత్రిలో లేకపోతే ఈ పిల్ల నర్సు చదువు పోతాది. మీ సంగటి కాదనం. మూట గట్టియ్యండి, బస్సులో తింటాం.”

ఆమె మార్తమ్మను ఎగాదిగా చూసింది. “నర్సమ్మ అయితాదా? మా తట్టు కాన్పులకు వస్తాదా?”

“బస్సుంటే వస్తాది.”

“ముందే చెప్పకూడదా పిచ్చిదానా! తియ్యండ్రా మంచాలు!”

ఉడికీ ఉడకని సంగటి ఆకుల్లో చుట్టించి, తనూ బస్సెక్కింది. ముందున్న పల్లెల్లో జనం కనబడగానే మెట్టు మీద నిలబడి, “తప్పుకోండి, పిల్ల చదువుకు పోతాండాది!” అని అరిచింది. మస్తాను ఎక్కడా ఆపలేదు. మైదుకూరులో ఆమె దిగి, మళ్లీ అంత దూరమూ ఎండలో వెనక్కి నడిచింది. మైదుకూరు అవతలి పల్లెలకు చాటింపు చేరలేదట, రోడ్డు ఖాళీగా ఉంది.

కడపలోకి వచ్చేసరికి రెండు ఎప్పుడో దాటింది. మూడుకు కొంచెమే తక్కువ. “నాది ఎట్లాగూ పోయింది. పిల్లదన్నా దక్కనీ. ఆసుపత్రికే పోనీరా,” అన్నాడు రెడ్డి. గేటు దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే మార్తమ్మ దూకి పరుగెత్తింది.

“టైము తప్పింది రెడ్డీ. ఉన్నదే రాస్తా,” అన్నాడు ఆఫీసరు దిగుతూ. మళ్లీ వెనక్కి తిరిగి, “ఇంకోసారి నడుపు. ఈసారి ఎవరికీ చెప్పొద్దు,” అన్నాడు.

సాయంత్రానికి మార్తమ్మకు సీటు ఇచ్చేశారు. మర్నాడు ఒక్కదాన్నే పాత పద్ధతిలోనే తిరుగు ప్రయాణం. మైదుకూరులో నేను దిగేటప్పటికి నంద్యాల బస్సు కదిలిపోయింది. ఇంకోటి దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఈ దారిలో నేరు బస్సుకు జనం ఉండరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను కళ్లారా చూశాను.

ఆ పల్లెలో మా బస్సు ఆగలేదు. పెద్దామె రోడ్డు పక్కనే ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి, “పిల్లకు సీటొచ్చింది!” అని అరిచాను.

“బస్సో?” అంది ఆమె, దుమ్ములో నాలుగడుగులు వెంట పరుగెత్తి.

“మళ్లీ వస్తాది! ఎవురికీ చెప్పొద్దు!” అన్నాను, ఉన్న గొంతంతా పెట్టి. బస్సులో ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు.