ముందుకొచ్చి మాట్లాడమన్నాడు రమణ భయ్యా

నిన్న సాయంత్రం నాకు ముందు కబురు రాలేదు. వీడియో వచ్చింది.

మా సెక్టర్ 7 కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టారు. "బచ్చా చోర్ పకడా గయా" అని కింద రాసి ఉంది. పిల్లల దొంగ దొరికాడట. నలుగురైదుగురు కర్రలతో బాదుతున్నారు. కింద పడ్డ మనిషి మీద ఇంకో మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు.

ఆ పైనున్న మనిషి చొక్కా ఎడమ చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

రోజూ పొద్దున్న ఆఫీసులో ఆ పిన్నీసు పెట్టేది నేనే.

ఫోన్ చేశాను. రమణ భయ్యా అప్పటికే ఆస్పత్రిలో పోయాడన్నారు. 

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. రమణ భయ్యా ఈ హిందీ ఊళ్లో మా ఫ్యాబ్రికేషన్ కంపెనీలో సీనియర్ ఫిట్టర్. వయసులో ఉండగా రేకులు కోసే మెషీన్‌లో ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి తెగిపోయింది. తర్వాత ఆయనే మా అందర్నీ పోగేశాడు. కాలు లేనివాళ్లు, చెవులు వినపడనివాళ్లు, నాలాగా పోలియో వచ్చి కర్రతో నడిచేవాళ్లు. ఆఫీసు బోర్డు మీద మా పేరు దివ్యాంగ ఉద్యోగుల నెట్‌వర్క్. ఆ పేరు వింటే ఆయనకి ఒళ్లు మండేది.

"చెయ్యి తెగిపోతే దివ్యమేటే చెల్లీ? నెత్తురు కారింది, అంతే."

ఆయన శాంతమూర్తి అని ఎవరైనా పోస్ట్ పెడితే నమ్మకండి. ముక్కు మీద కోపం. తిట్లన్నీ హిందీలో, బుజ్జగింపు మాత్రం విజయనగరం తెలుగులో.

ఒక ఏడాది మా అవేర్‌నెస్ డే ప్రోగ్రామ్‌లో మేనేజ్‌మెంట్ మాకందరికీ శాలువాలతో పాటు తలా ఒక బ్లూటూత్ స్పీకర్ ఇచ్చింది. గోపీకి కూడా. గోపీ మా వెల్డర్, పుట్టు చెవుడు, మాట కూడా లేదు.

భయ్యా స్టేజ్ ఎక్కి గోపీ చేతిలోది లాక్కుని నేలకేసి కొట్టాడు. ముక్కలు పెద్దసారు బూట్ల దాకా వెళ్లాయి. వినపడనివాడికి పాటల డబ్బా ఇస్తారా, ఏడాదంతా పక్కనే పనిచేసే మనిషి గురించి ఇంతేనా మీకు తెలిసింది అని మైకులో హిందీలో అరిచాడు.



అప్పుడు గోపీ నా దగ్గరికొచ్చి నా స్పీకర్ తీసుకున్నాడు. పాట పెట్టించి గుండెకి ఆనించుకున్నాడు. ఆ దడ దడ నాకు ఇక్కడ తెలుస్తుంది అని సైగ చేసి, ముక్కల వైపు చూపించి, భయ్యా వైపు గుర్రుగా చూశాడు.

భయ్యా మొహం చూడాలి. తన స్పీకర్ తెచ్చి గోపీ చేతిలో పెట్టి "ఇందరా, నాను ఇరగ్గొట్టిందానికి బదులు" అన్నాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆ తర్వాత మా ప్రోగ్రాముల్లో ఉపన్యాసాలు మానేశాం. ఆయన డ్రిల్ మొదలుపెట్టాడు. ఆఫీసర్ల నుంచి హెల్పర్ల దాకా అందరికీ చెవుల్లో దూది కుక్కి, పైన ఇయర్ మఫ్ పెట్టి, వెనక్కి తిరిగి నిలబెట్టేవాడు. వెనక నుంచి నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఒక్కరూ తిరిగేవారు కాదు. అప్పుడు ఎదురుగా వచ్చి చెయ్యి ఊపేవాడు.

"ఎనక నించి అరిస్తే ఏటి లాభం? ముందుకొచ్చి మాట్లాడండి."

వినపడనివాళ్ల హెల్మెట్ మీద నీలం గీత గీయించాడు. ఆ గీత కనిపిస్తే చాలు, మా క్యాంటీన్ వాడు కూడా గోపీకి ఎదురుగా వెళ్లి టీ కావాలా అని అడిగేవాడు.

గేటు బయట ఆ గీత ఎవరికీ తెలియదు.

నిన్న భయ్యా, గోపీ ఇద్దరూ ఈ శనివారం జరగాల్సిన మా డ్రిల్ ప్రోగ్రామ్ కోసం నెహ్రూ నగర్‌లో చార్టులు, రంగులు కొనడానికి వెళ్లారు. భయ్యా షాపు లోపల ఉన్నాడు. బయట రోడ్డు మీదకి ఒక చిన్నపిల్ల వచ్చేస్తుంటే గోపీ ఎత్తుకున్నాడు. తల్లి కోసం వెతుకుతూ ముందుకి నడిచాడు. తల్లి వెనక ఉంది.

వెనక నుంచే కేకలు వేశారు. రుక్, రుక్ అని. వాడు ఆగలేదు. ఆగలేదు కాబట్టి దొంగే అన్నారు.

పిల్లని లాక్కుని వాణ్ణి కిందపడేసి తన్నారు. భయ్యా పరిగెత్తుకొచ్చి, వీడికి వినపడదు అని గొంతు చించుకున్నాడని షాపతను ఏడుస్తూ చెప్పాడు. ఆ గుంపులో అందరికీ చెవులున్నాయి. ఒక్కడూ వినలేదు.

ఉన్న ఒక్క చేత్తో ఎన్ని కర్రలు ఆపగలడు? గోపీ మీద పడుకున్నాడు. పిల్ల తల్లే ఆపండి ఆపండి అని మొత్తుకుంటున్నా, ఎవడో ఇనుప రాడ్‌తో వెనక నుంచి భయ్యా తల మీద కొట్టాడు.

కొట్టినవాళ్లలో ఇద్దర్ని పోలీసులు పట్టుకున్నారు. నాకది చాలదు. ఆ రాడ్ పట్టుకున్న చెయ్యి విరగాలని నిన్నట్నుంచి కోరుకుంటున్నాను. ఇది చదివి నాకు నీతులు చెప్పకండి. ఆ వీడియో మీ ఫోన్‌లో ఉంటే మాత్రం తీసేయండి. ఆయన భార్యకి ముగ్గురు పంపారు.

ఈ రోజు పొద్దున్న శ్మశానంలో పెద్దసారు శనివారం ప్రోగ్రామ్ వద్దన్నాడు. సరే అనబోయాను. గోపీ పక్కటెముకలకి కట్టుతో, తలకి కుట్లతో, ఆస్పత్రిలో వద్దంటున్నా వచ్చేశాడు. నా భుజం తట్టి తిప్పుకుని సైగ చేశాడు. ప్రోగ్రామ్ జరగాలి. ఫ్యాక్టరీలో కాదు, ఆ షాపు ముందు. డ్రిల్‌లో నిలబడేది నేను అని.

నువ్వు నిలబడలేవురా అన్నాను. వినలేదు. చెవిటివాడు కదా, ఆ ఒక్క లాభం బాగా వాడుకుంటాడు.

మా వినపడనివాళ్ల సైగల్లో భయ్యాకో పేరుంది. కుడి చేత్తో ఎడమ మోచెయ్యి రెండు సార్లు తట్టడం. 

అందరూ పాడె కాళ్ల వైపు నిలబడి దండం పెడుతున్నారు. గోపీ కుంటుకుంటూ తల వైపుకి వెళ్లాడు. భయ్యా మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చి వంగాడు. చెయ్యి ఊపాడు. ఎడమ మోచెయ్యి రెండు సార్లు తట్టాడు.

జవాబు కోసం కాసేపు అలాగే చూశాడు.

వెళ్లిరా భయ్యా. నీ వెనక నుంచి ఎవరూ రాని చోట, హాయిగా పడుకో.