రీబాయిలర్ దగ్గర ఆడిన అబద్ధం

మొన్న కోదాడ వెళ్తుంటే మునగాల దాటాక, పాత ఇనుము కొనేవాళ్ల ఆవరణలో సన్నని గొట్టాలు కట్టగా బిగించిన పొడవాటి ఇనుప పీపా ఒకటి కనబడింది; పక్క సీటాయన అదేమిటని అడిగితే, తెలియదన్నాను.

తెలియకేం. చెరకు మడ్డిని పులియబెట్టి స్పిరిట్ తీసే ఫ్యాక్టరీ ఒకటి ఎనభైల చివర మిర్యాలగూడ దారిలో ఉండేది. అందులో స్పిరిట్‌ను వేరుచేసే నాలుగంతస్తుల ఎత్తు కాలమ్ అడుగున, రీబాయిలర్ అనే అలాంటి పీపా ముందే నా యవ్వనం గడిచింది. గొట్టాల చుట్టూ ఆవిరి తిరుగుతుంటే లోపలి ద్రవం మరిగి పైకి లేచేది. ఆవిరి వాల్వు నా చేతిలో, రిపేర్లు మా బావ చేతిలో. ఆత్మకూరు నుంచి నన్ను తెచ్చి, అక్కా తానూ ఉన్న ఇంట్లోనే పెట్టుకుని, ఆ కొలువు ఇప్పించింది ఆయనే.

ఒకరోజు పొద్దున అడుగు మూత కారడం మొదలైంది. ఆవిరి పూర్తిగా ఆపి, లోపలిది చల్లారాకే బోల్టులు వదులు చేయాలి. బావ పానాల కోసం వెళ్లగానే మేనేజరు నా దగ్గరకొచ్చి, "కాలమ్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి ఒక పూట పోతుంది. వాల్వు కొంచెం తెరిచే ఉంచు, అతనికి చెప్పకు" అన్నాడు. పర్మినెంటు కోసం ఎదురుచూస్తున్న రోజులు, తలూపాను. ప్రెషర్ చూపే గేజి ఎప్పుడో చెడిపోయింది.

"బామ్మర్దీ, స్టీమ్ మొత్తం బంద్ చేసినవా?" అన్నాడు బావ, కొంతసేపు ఆగి వచ్చి.

"చేసిన బావా."

ఇంకోసారి అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమోనని ఇన్నేళ్లుగా నన్ను నేను మభ్యపెట్టుకుంటున్నాను. మూడో బోల్టుకే మూత ఒరిగి, మరుగుతున్న ద్రవం ఆయన ఛాతీ మీదా చేతుల మీదా పడింది.

సూర్యాపేట దవాఖానలో విచారణకు వచ్చినవాళ్లతో, "సల్లారకముందే నేనే తొందరపడ్డ సారూ, తప్పు నాదే" అన్నాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. వాళ్లు వెళ్లాక నా వైపు చూడకుండానే, "ఇద్దరి కొలువులు పోతే మీ అక్క ఎట్ల బతుకుతది రా" అన్నాడు. అంటే ఆయనకు తెలుసు.

ముడుచుకుపోయిన ఆ వేళ్లు మళ్లీ పానా పట్టలేదు. నేను పర్మినెంటయ్యాను, తొంభైల చివర ఫ్యాక్టరీ మూతపడేదాకా అదే వాల్వు తిప్పాను. అక్క ఆయనకు అన్నం కలిపి తినిపిస్తూ, "నీ తొందరే గింత పని చేసింది" అని సాధిస్తుంటే, ఎదురుగా కూర్చుని నా అన్నం నేను తిన్నాను. ఆయన పోయేదాకా ఆమెకు చెప్పలేదు, పోయాకా చెప్పలేదు.

ఇప్పుడు వాల్వుకు తాళం వేసి, తాళంచెవిని రిపేరు చేసేవాడి జేబులోనే ఉంచుతారట, ఎవరి మాటా నమ్మే పని లేదట. మన కాలంలో మాట మీద నమ్మకం ఉండేదని నా ఈడువాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటారు. ఉండేది. ఆ నమ్మకంతోనే మా బావ ఆ బోల్టులు విప్పాడు.