మెట్ల కింది పిల్లికి పెట్టించిన మందు గింజ

ఏడాదిన్నరలో మెట్ల కింది పిల్లి మూడుసార్లు ఈనింది. మూడోసారి పుట్టిన నాలుగు కూనలూ వారం తిరక్కుండానే పోయాయి. తల్లికి పాలు లేవు. నిమిరితే వెన్నుపూసలు చేతికి తగిలేవి. అయినా నెలకల్లా మళ్లీ ఎదకొచ్చి, గచ్చు మీద దొర్లుతూ అరవడం మొదలుపెట్టింది.

అప్పట్లో నేను మన్సూరాబాద్‌లో ఒక ఇంటి పై వాటాలో ఉండేదాన్ని. మాది కోస్తా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బంద్‌ల వల్ల పోయిన పాఠాలన్నీ ఆదివారాలు చెప్పాల్సి వచ్చేది. ఇంటావిడ నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, ఒక్కతే ఉండేది. పిల్లి ఎవరిదీ కాదు. ఆమె మెతుకులు పెట్టేది, నేను పాలు పోసేదాన్ని.

ఒక శనివారం దాన్ని కూరగాయల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, ఇద్దరం ఆటోలో దిల్‌సుఖ్‌నగర్‌లోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇక కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి దాని బాధ తప్పిద్దామనుకున్నాం.

డాక్టరు దాని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "గుండె చప్పుడు తేడాగా ఉందమ్మా. మత్తిస్తే మళ్లీ లేస్తుందని చెప్పలేను," అన్నాడు. బయటి దేశం నుంచి తెప్పించిన హార్మోన్ మందు ఒకటి తన దగ్గరుందని, బియ్యపు గింజంత ఉంటుందని, చర్మం కింద పెడితే ఏడాదికి పైగా ఎదకు రాదని చెప్పాడు.

"గంత గింజతోనే కూనలు కావా సారూ?" అని అడిగింది ఇంటావిడ.

"కావు. కానీ మొదట్లో మందు పని తిరగబడినట్టుంటుంది. రెండు మూడు వారాలు ఇంకా ఎక్కువ అరవొచ్చు. అప్పటిదాకా బయటికి వదలకండి."

లావుపాటి సూదితో భుజాల మధ్య గింజ దించాడు. పిల్లి ఒక్కసారి వణికి ఊరుకుంది.

తిరిగొస్తుంటే ఇంటావిడ బుట్ట ఒళ్లో పెట్టుకుని, "నలుగురు పుట్టినంక నాకు క్యాంపుల ఆపరేషన్ చేసిండ్రు. వారం కాకముందే నాట్లకు పోయిన. దీన్ని చూడు, ఆటోల తీస్కపోతున్నం," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పిల్లిని నా వాటాలోనే ఉంచాం. డాక్టరు చెప్పినట్టే అరుపులు పెరిగాయి. నిద్ర సరిగా లేక బోర్డు మీద రాసిన లెక్క నాకే అర్థమయ్యేది కాదు.

రెండో ఆదివారం ఇంటావిడ ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్లింది. రోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలిపే రోజు. మధ్యాహ్నం ఒకసారి వచ్చి పిల్లికి అన్నం పెట్టి వెళ్తానంది. నేను స్కూలుకు పోయాను. సాయంత్రం బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చాను. తలుపు తీస్తే పిల్లి లేదు.

కిందికి దిగేసరికి ఆమె గిన్నెలు తోముతోంది.

"తలుపు సరిగ్గా వేయలేదా ఆంటీ?"

"ఏసిన."

"మీకు మీ ఉద్యమం ఉంటే చాలు. పిల్లి ఏమైపోతే ఏంటి!"

ఆమె చేతులాగాయి. "పిల్లి సంగతి అడుగు, చెప్త. గిది దేనికి?" అని మళ్లీ గిన్నె అందుకుంది.

పైకొచ్చి కాళ్లు కడుక్కుందామని బాత్రూంలోకి వెళ్తే కిటికీ బార్లా తెరిచి ఉంది. పొద్దున చీర ఆరేయడానికి తీసింది నేనే. గడప మీద కూలబడ్డాను. వెంటనే వెళ్లి చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

తెల్లారాక వెళ్లి, "తప్పు నాదే ఆంటీ, కిటికీ నేనే తీసి మరిచాను," అన్నాను.

"ఎరికే. కింద నిలవడి చూస్తే కనవడ్డది."

"నిన్ననే చెప్పొచ్చుగా?"

"నువ్వు అలిసిపోయొచ్చినవ్. నేను గూడ అలిసిపోయిన. గప్పుడు ఏం మాట్లాడుకుంటం?" అంటూ టీ గ్లాసు నా చేతికిచ్చింది.

నాలుగో రోజు పిల్లి చెవి చీరుకుపోయి వచ్చింది. తీసుకెళ్లి చూపిస్తే, చూలు కట్టిందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. రెండు నెలలు దాని పొట్ట చూసుకుంటూ గడిపాం. కూనలు పుట్టలేదు. అరుపులూ ఆగిపోయాయి. మెల్లగా ఒళ్లు చేసింది. ఆ తర్వాత ఏడాదికి పైగా బతికి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం గోడ నీడన పడుకుని మళ్లీ లేవలేదు. ఇంటావిడే గునపం పట్టుకుని పక్క ఖాళీ ప్లాటులో గుంత తవ్వింది. నేను మట్టి లాగాను. ఆ రోజూ బంద్. ఇద్దరం వచ్చి స్నానాలు చేసి, ఆమె వాటాలోనే కాస్త మజ్జిగన్నం తిన్నాం.