మిషన్ చుట్టూ కొట్టిన నీళ్లు

కరోనా పోయిన మరుసటి ఏడు అది. మేము అమీర్‌పేటలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. ఎర్రగడ్డ దాటాక, రైలు పట్టాల పక్కన ఒక బొగ్గు యార్డు ఉండేది. నా పెనిమిటి మల్లేశ్ అక్కడ లారీల లోడింగ్ పని చేసేవాడు. నాది నీళ్ల పని.

నీళ్ల పనంటే ఏముంది అనుకుంటారు. బొగ్గు కుప్పను కదిలించే ముందే తడపాలి. కదిలాక తడిపితే లాభం లేదు, దుమ్ము అప్పటికే మనిషి ముక్కులోకి పోయి ఉంటుంది. జేసీబీ బకెట్‌ను ఎత్తునుంచి వదలకూడదు, లారీలోకి దించి మెల్లగా వంచాలి. లారీ నిండాక టార్పాలిన్ కప్పాలి. బడి మొహం చూడని నాకే ఇదంతా నెలలో తెలిసింది. ఓనరుకు తెలియదా? తెలుసు. తడి బొగ్గు బరువు ఎక్కువ తూగుతుంది, సరిగా మండదని కొనేవాళ్లు గొడవ చేసేవారు. అందుకని కుప్పల మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల మోటారు గదికి ఎప్పుడూ తాళమే. నీళ్ల మనిషినని పేరు, తిరిగేది చీపురు పట్టుకుని.

మల్లేశ్ దగ్గితే తువ్వాల నల్లగా అయ్యేది.

"జర వేరే పని సూస్కోరాదు," అనేదాన్ని.

"గీ వయసుల నాకెవడిస్తడే? నువ్వు నీ మోటర్ నడిపియ్యి, నా దగ్గు అదే పోతది," అని నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్నే సూపర్‌వైజర్ ప్రసాద్ ఆ గది తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సత్తెమ్మా, ఇవాళ దుమ్ము కొలవడానికి పొల్యూషన్ బోర్డు నుంచి మేడం వస్తున్నారు. మిషన్ పెట్టేచోట చుట్టూ బాగా తడిపెయ్. కుప్పల జోలికి పోకు."

"కుప్ప తడపకుంటే ఏం ఫాయిదా సార్?"

"ఏంటి, నాకే నేర్పుతావా? యార్డు మూతపడితే మీ ఇద్దరికీ కూడెక్కడిది?"

మోటారు వేసి, పైపుతో అక్కడ మాత్రమే తడిపాను. ఆ రోజు ఒక్క లారీని కూడా లోపలికి రానివ్వలేదు. మేడం వచ్చి మిషన్‌లో తెల్లటి ఫిల్టర్ పేపర్ పెట్టింది. ఆ మిషన్ గాలిని లాగి, దుమ్మును ఆ కాగితం మీద పట్టుకుంటుంది. సాయంత్రం తీసి చూస్తే కాగితం కొంచెం మాసింది, అంతే. ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మా, నిజం చెప్పు. రోజూ ఇట్లనే నీళ్లు కొడుతరా?"

ప్రసాద్ నా వెనకే ఉన్నాడు. మల్లేశ్ కొంచెం దూరంలో, దగ్గు ఆపుకోవడానికి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నన్నే చూస్తున్నాడు.

"రోజు కొడ్తం మేడం. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి."

అదే ఆమె రాసుకుంది. కింద నేను సంతకం పెట్టాను. నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే. ఇంటికి పోతుంటే మల్లేశ్, "మంచిగనే చెప్పినవ్ తీ. ఇద్దరం బతకాలె గద," అన్నాడు.

మర్నాడు ఆ గదికి మళ్లీ తాళం పడింది.

ఆ తర్వాతి ఎండాకాలానికి మల్లేశ్ లేడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గేనన్నాడు డాక్టరు. యార్డుకు పోయి అడిగాను.

"మీ దుమ్ము మింగి సచ్చిండు సార్. నాకో దారి సూపియ్యరా?"

ప్రసాద్ బీరువా తెరిచి, ఆ రోజు మేడం రాసిన కాగితం నకలు తీశాడు.

"ఇది నీ సంతకమే కదమ్మా? రోజూ రెండుసార్లు నీళ్లు కొడతామని నువ్వే చెప్పావు. మరి దుమ్మెక్కడిది?"

వంకర టింకరగా నా పేరే. తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు పంజాగుట్టలో ఒక ఆఫీసు ఊడుస్తున్నాను. నేల తడపనిదే చీపురు పట్టను. మొన్న కాంట్రాక్టరు మనిషి కాగితం పట్టుకొచ్చాడు.

"అక్కా, మాస్కులు ముట్టినయని సంతకం పెట్టు."

"ఏవి మాస్కులు?"

"వస్తయ్ తీ, గింత దానికి ఫికరెందుకు?"

"వచ్చినంక తే. అప్పుడు పెడ్త."

మొండిదాన్నట. ఆ మొండితనం ఆ రోజు మేడం ముందు రాలేదు. వచ్చి ఉంటే యార్డు మూతపడేదేమో. పస్తులుండేవాళ్లమేమో. ఉంటే ఇద్దరం ఉండేవాళ్లం.