అబద్ధాలకోరు సాక్ష్యం

నాంపల్లి కోర్టుల ఎదుట అఫిడవిట్లు టైపు కొట్టే రోజుల్లో, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తప్పిపోయిన ఏనుగును సైకిలుకు కట్టి ఇంటికి తోలుకొచ్చానని చెబితే నలుగురు నమ్మారు. ఐదోవాడు నమ్మలేదు. అతను ఒక వకీలు దగ్గర గుమాస్తా. బోనెక్కే సాక్షికి ఏం చెప్పాలో నేర్పడం అతని పని కాబట్టి కల్పనను ఇట్టే పసిగట్టేవాడు.

ఆ ఏడు నేను ఆదివారం సాయంత్రాలు ఆబిడ్స్‌లో మా చర్చి దైవశాస్త్రం తరగతికి వెళ్లేవాణ్ణి. విశ్వాసాన్ని తర్కంతో ఎలా నిలబెట్టాలో పాస్టరుగారు నేర్పేవారు. నేర్చిందల్లా మరునాడే గుమాస్తా మీద ప్రయోగించేవాణ్ణి.

"ప్రతిదానికీ కారణముంటది. లోకానికి కారణం దేవుడు," అన్నాను చాయ్ తాగుతూ.

"మరి దేవునికి కారణమెవరు?"

చాయ్ సగంలో వదిలేశాను. పాస్టరుగారి దగ్గరకు పరుగెత్తాను.

"ప్రతిదానికీ అని ఎవరనమన్నారయ్యా? మొదలంటూ ఉన్న ప్రతిదానికీ అనాలి. దేవునికి మొదలు లేదు. తర్కంలో కూడా గొప్పలేనా నీకు!" అని ఆయన తల పట్టుకున్నారు.

ఆ దిద్దుబాటుతో వెళ్లేసరికి గుమాస్తాకు వాదం మీద మనసు లేదు.

"దేవుడున్నడనే అనుకో. సచ్చిన మీ ప్రభువు సమాధిలకెల్లి లేచిండంటవు. గది నిజమా? జర ఏనుగు కత లెక్క చెప్పకు భాయ్. మా అన్న పోయి నెల గూడ గాలె."

నా నోటుబుక్కులో రాసుకున్నదేదీ అక్కరకు రాదనిపించింది. నన్ను నమ్మడేమోనని మొదటిసారి భయం వేసింది.

"నేను కత అల్లితే ఎవర్ని గొప్పోన్ని చేస్త?" అన్నాను.

"నిన్నే. ఇంకెవర్ని?"

"గీ కత చెప్పిన శిష్యులు, ఆయన్ను పట్కపోతుంటె మేమే పారిపోయినమని చెప్పుకున్నరు. పెద్ద శిష్యుడైతే ఆయనెవరో నాకు తెల్వదన్నడు. ఖాళీ సమాధి ముందుగాల చూసింది ఆడోళ్లు. ఆ కాలంల వాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువ. నువ్వైతే గసుంటోళ్లను బోనెక్కిస్తవా?"

"ఛీ! కేసు పోతది."

"నువ్వు నేర్పినోళ్లు ఎట్ల చెప్తరు?"

"అందరొక్క తీరుగ."

"వీళ్లు తలా ఒక తీరు చెప్పిన్రు. అసలు ముచ్చట మాత్రం ఒక్కటే."

అతను సాసర్‌లో చాయ్ ఊదుకుని తాగాడు.

"నేర్పినోడు లేకుంటెనే గట్లుంటది," అన్నాడు చివరికి. "అయితే నిజమని నేనంటలే."

"ఔ. నేను గూడ తొందర పెడ్తలే."

మరునాడు సువార్త పుస్తకం అడిగి తీసుకెళ్లాడు. వారానికి తిరిగి తెస్తే, అంచుల నిండా ఎర్ర పెన్సిలు ప్రశ్నలే.

"కూసో. నీ సాక్షుల్ని ఒక్కొక్కర్ని పిలువు," అన్నాడు.

టైపు మిషను మీద గుడ్డ కప్పి, అతని ఎదురుగా కూర్చున్నాను.