రొదను లెక్కగట్టిన ఖైరున్నీసా మేడమ్

ఖైరున్నీసా మేడమ్ ఇక లేరన్న వార్త పరీక్ష హాలు వరండాలో ఉండగా తెలిసింది. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయింది సార్, పొద్దుగాల దవాఖానలనే" అన్నాడు. లోపలికి వెళ్లి మళ్లీ బల్లల మధ్య తిరిగాను. ఎవరో అదనపు కాగితం అడిగితే రెండుసార్లు అడిగించుకుని ఇచ్చాను. కొన్నాళ్లుగా భయపడుతున్న వార్తే. అయినా మనసు కొయ్యబారింది.

మోత్కూరులో ఒక దర్జీ ఇంట జన్మించి, నల్లగొండలో మా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించిన విదుషీమణి ఆమె. నేను మొదట శిష్యుణ్ణి, తర్వాత సహోద్యోగిని. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో పుట్టే రొదను గణించే అధ్యాయమంటే అందరికీ విముఖతే. ఆమె మాత్రం దానితోనే మమ్మల్ని పట్టుకున్నారు. ఒకరోజు మైకు తగిలించకుండానే స్పీకర్ శబ్దం పెంచారు. సన్నటి బుస. "ఎవరన్న మాట్లాడుతున్నరా? లేదు గదా. వేడి ఉన్నంతసేపు రెసిస్టర్ల ఎలక్ట్రాన్లు నిలకడగ ఉండవు. గిది వాటి రొద. తిట్టకురి, లెక్కగట్టురి" అన్నారు.

ఆ లెక్క ఒక తల్లికి అక్కరకు రావడం కళ్లారా చూశాను. మా విద్యార్థిని సంధ్యది మేళ్లచెరువు. తల్లి లక్ష్మమ్మ ఏళ్ల తరబడి రాళ్ల క్రషర్ దగ్గర పనిచేసి వినికిడి చాలావరకు కోల్పోయింది. ఆమె కోసమే సంధ్య, స్నేహితులు ప్రాజెక్టుగా చెవి యంత్రం తయారుచేశారు. లక్ష్మమ్మ పెట్టుకుని, ముఖం చిట్లించి తీసేసింది. "బిడ్డ మాట ఇనపడ్తలేదు సారూ. చెవుల వాన కొడ్తాంది." సంధ్య ఏడ్చింది. మాటను దశలవారీగా పెంచే ట్రాన్సిస్టర్లలో చివరి దశవి మార్చి మార్చి పిల్లలు విసిగిపోయారు.

మేడమ్ బోర్డు దగ్గర నిలబడి రొద పుట్టే చోట్లన్నీ లెక్క చేయించారు. మైకు, రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటు. "ఊకె కూడొద్దు. ఒకదానితోటి ఒకదానికి పొత్తు లేని రొదలు గివి. వర్గాలు చేసి కూడురి, ఆఖరికి వర్గమూలం తీయిరి." లెక్క తేలేసరికి కారణం దొరికింది. ట్రాన్సిస్టర్ రక్షణకని మైకు తర్వాత పిల్లలు పెట్టిన పెద్ద రెసిస్టర్ రొద ముందు మిగతావన్నీ లెక్కలోకే రాలేదు. "మొదట్ల కలిసిన రొదను వెనక దశలన్నీ మాటతోపాటే పెంచుతయి. ఆఖర్ల ఎంత సవరిస్తే ఏం ఫాయిదా?" అని దాన్ని తీయించి, కరెంటు రొద కూడా తగ్గేలా మొదటి ట్రాన్సిస్టర్ కరెంటు తగ్గించారు.

లక్ష్మమ్మ మళ్లీ వచ్చింది. "అమ్మా, ఇనపడ్తాందా?" అని సంధ్య అరిచింది. "ఎందుకే గట్ల ఒర్లుతవు? జర మెల్లగ మాట్లాడు" అని తల్లి కసిరింది. అందరం నవ్వాం. మేడమ్ కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నారు.

యాజమాన్యం ఆ యంత్రాన్ని ప్రదర్శనకు పంపాలని 'రొదే లేని యంత్రం' అని రాయించింది. మేడమ్ ససేమిరా అన్నారు. "రొద లేని యంత్రం దునియాల లేదు. తగ్గింది, గంతే." వాళ్లు వేరే ప్రాజెక్టును పంపారు. చిన్నబుచ్చుకున్న సంధ్యతో, "మీ అమ్మకు ఇనపడ్తున్నది గదా బిడ్డా" అన్నారు.

కాలం ఆమెను కరుణించలేదు. చేరే పిల్లలు తగ్గి మా దగ్గర ఆమెకు పాఠాలు లేకుండా పోయాయి. మహబూబ్‌నగర్‌లో కిరాయి గది తీసుకుని, ఇంకో కళాశాలలో ఏది చెప్పమంటే అది చెప్పారు. జబ్బు పడ్డా సెలవు పెట్టలేదు. దవాఖానలో చూడబోతే, "నేను అలసిపోయిన, బిడ్డా" అన్నారు. అంతకు ముందెప్పుడూ ఆ మాట ఆమె నోట వినలేదు. కాసేపటికి, "పిల్లలు క్లాసుకు వస్తున్నరా?" అని అడిగారు.

"వస్తున్నరు మేడమ్."

"మరి నువ్వీడ ఏం చేస్తున్నవు? పో."

నాతో ఆమె పలికిన చివరి మాట అదే.

మోత్కూరు మట్టిలో ఆమెను ఉంచి వచ్చాం. ఆ స్థానంలో ఎవరో చేరతారు, పాఠమూ సాగుతుంది. చిక్కుపడ్డ లెక్క పట్టుకుని వెళితే, "కూసో, మొదటికెళ్లి చూద్దాం" అనే మనిషి మాత్రం నాకిక లేరు. ఆ జ్ఞానమూర్తికి నా సలాం. ఇవాళ కూడా క్లాసుకు వెళ్లాను మేడమ్. చాలా అలసటగా ఉంది.