అత్తమ్మ పాట కోసం కొన్న ఇయర్‌ఫోన్లు

మా చుట్టాల్లో నా మీద ఒక కథ తిరుగుతోంది. అత్త పోరు పడలేక, ఆమె మాట చెవిన పడకూడదని, ఈ చదువుకున్న కోడలు చెవుల్లోకి బిరడాల్లాగా దిగిపోయే ఇయర్‌ఫోన్లు కొనుక్కుందని. మొన్న శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, పక్కన ఒక పిల్ల చెవుల్లో తీగ లేని ఇయర్‌ఫోన్లు చూడగానే మా ఆడబిడ్డకు ఈ కథ మళ్లీ గుర్తుకొచ్చింది. విస్తరి ముందు కూర్చున్న పదిమందికీ వినిపించేలా చెప్పింది, అందరూ నవ్వారు, ఒకావిడ నా వైపు జాలిగా కూడా చూసింది. అత్తమ్మ నోరు నాకు పడేది కాదు, నిజమే. నా నోరూ ఆమెకు పడేది కాదు, ఆ లెక్కన ఇద్దరం సమానమే. కానీ ఆ ఇయర్‌ఫోన్లు ఆమె గొంతు వినపడకుండా ఉండటానికి కొన్నవి కావు, వినపడటానికి కొన్నవి. ఆడబిడ్డకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు, ఎందుకంటే ఆ కొనుగోలుకు కారణం ఆమే.

ఆరేడేళ్ల కిందటి మాట. మా ఇల్లు శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దగ్గరి సాతంరాయిలో, నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేది ఆరాంఘర్ దాటి పట్నం వైపు, మధ్యలో రోజూ గంటకు తక్కువ కాని బస్సు ప్రయాణం. అప్పటికి అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఏడాది, కుడి చెయ్యి కొంత తేరుకుంది గాని మాట మాత్రం తిరిగి రాలేదు. ఆమె మాట పోవడమంటే మా ఇంట్లో ఒక్కరి మాట పోవడం కాదు. చుట్టుపక్కల పెళ్లిళ్లలో పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు ఆమె అందుకుంటే తప్ప పాట మొదలయ్యేది కాదు. అలాంటిది ఆమె సొంత మనవరాలి పెళ్లి కుదిరింది, మా ఆడబిడ్డ కూతురిది. నలుగు పాట ఎవరు పాడాలన్న మాట వచ్చినప్పుడు ఆడబిడ్డ, ఎవరికీ రాదు కదా, డీజే వాళ్లనే ఏదో ఒకటి పెట్టమందాం అంది. మూలన మంచం మీద ఉన్న అత్తమ్మ మొహం గోడ వైపు తిప్పుకోవడం నేను చూశాను. నేను పాడతాను అన్నాను. ఆడబిడ్డ నన్ను ఎగాదిగా చూసి, "పాటంటే కాలేజీల పాఠం చెప్పినట్టనుకున్నవా?" అంది. ఆ మాటతో ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది. చేతిలో ఉన్నది పదిహేను రోజులు.

నా ధైర్యానికి ఆధారం ఒకటుంది. రెండేళ్ల ముందు దూరపు చుట్టాల పెళ్లిలో అత్తమ్మ నలుగు పాట పాడుతుంటే నా ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాను. చిక్కల్లా ఆ పాటలో మూడో చరణం దగ్గర. మా వైపు వాళ్లకు ఒక అలవాటుంది, బయటివాళ్లు చూస్తే నవ్వుతారు. విమానం నెత్తి మీదుగా పోతుంటే మేం మాట ఆపేస్తాం, తిట్టుకుంటున్నా సరే, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో ఎవరూ నేర్పకుండానే అందరికీ పట్టుబడిన విద్య ఇది. కానీ నలుగు పాటను మధ్యలో ఆపకూడదు, శుభం కాదు. అందుకని ఆ రోజు అత్తమ్మ విమానాన్ని లెక్కచేయకుండా పాడుకుంటూ పోయింది, విమానం ఆమెను లెక్కచేయకుండా మీద నుంచి పోయింది. "మేనమామ తెచ్చెనే" అన్నంతవరకు వినపడుతుంది, ఆ తర్వాత ఒక చరణమంతా హోరు. ఏం తెచ్చాడో, ఏమైందో తెలియదు. అత్తమ్మ దగ్గర కూర్చుని ఫోన్ వినిపించి ఇక్కడేముందని అడిగితే, ఆమె బాగున్న చేతిని గాలిలో తిప్పి వదిలేసింది. మరిచిపోయిందనుకున్నాను.

ఇక ఉన్న దారి మంచి ఇయర్‌ఫోన్లేనని తేల్చుకున్నాను. ఫోన్‌తో పాటు వచ్చినవి చెవి అంచున వేలాడేవి. బస్సు ఇంజను, టికెట్ టికెట్ అనే కండక్టరు, వెనక సీట్లో ఎవరో స్పీకరు పెట్టుకుని చూసే వీడియోలు, అన్నీ లోపలికి వచ్చేవి, అత్తమ్మ గొంతు తప్ప. శంషాబాద్ బజారులో ఒక సెల్ రిపేరు దుకాణముంది, నడిపేది నా ఈడు మనిషే, పొడుగు గడ్డం, ఓపిక ఎక్కువ. ఆయనకు నా అవసరం చెప్పాను, విమానం చప్పుడు తీసేసే ఇయర్‌ఫోన్లు కావాలని. డబ్బా మీద శబ్దాన్ని ఆపుతుందని బొమ్మేసి ఉన్నది చూపించాడు. పాటలో ఉన్న విమానం కూడా పోతుంది కదా అని అడిగాను. ఆయన నన్ను, నా భుజాన ఉన్న కాలేజీ సంచిని, రెండింటినీ కాసేపు చూశాడు.

"అక్కా, ఇది బయటి లొల్లిని ఆపుతది. లోపటి లొల్లి ఎట్లున్నది అట్లనే ఉంటది."

పీజీ చేసిన మనిషికి ఇది ముందే తట్టలేదా అని మీరడగవచ్చు. నెత్తి మీద విమానాలతో బతికేవాళ్లకు బయటి చప్పుడేదో లోపలి చప్పుడేదో తేడా అంత తొందరగా తెలియదు, అదే నా జవాబు. అయినా బస్సులోనైనా శుభ్రంగా వినపడాలి కదా అని బేరానికి దిగాను. బ్యాటరీతో చప్పుడును చంపేవి ఉన్నాయన్నాడు, ఆ ధర విని నేనే చచ్చాను. తీగ లేనివి చూపించాడు. నాకున్న గడువే పదిహేను రోజులు, కావాల్సిన రోజున చార్జింగ్ లేక నోరు మూసుకుని కూర్చునేవి నాకెందుకన్నాను. చివరికి నాలుగైదు వందల్లో తీగవి, చెవి లోపలికి దిగే రబ్బరు టోపీలవి తేలాయి. చిన్నవి, నడిమివి, పెద్దవి, మూడు జతల టోపీలు. మొదట ఏ జత పెట్టినా కుడి వైపు బాగుంది, ఎడమ వైపు సందులోంచి బజారంతా వచ్చేస్తోంది. సరుకు బాగాలేదని దెబ్బలాటకు దిగాను. ఆయన నవ్వి, చెవులు రెండూ ఒక తీరుగ ఉండవని చెప్పి, కుడికి నడిమిది, ఎడమకు పెద్దది తొడిగించి, చెవి కొంచెం పైకి లాగి పెట్టుకోమన్నాడు. అలా పెట్టుకోగానే బజారు దూరంగా జరిగిపోయింది, ఎవరో వీధి తలుపు వేసినట్టు. అంతటితో ఒప్పుకుంటే అది నేనెందుకవుతాను. విమానం వచ్చేదాకా ఉంటాను, అప్పుడు చెబుతాను అని స్టూలు మీద కూర్చున్నాను. వచ్చింది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం కళ్లకు కనపడింది, నా చెవుల్లో మాత్రం అత్తమ్మ నలుగు పాట సన్నగా, నింపాదిగా సాగుతూనే ఉంది. ఆ సంతోషంలో ఇంకో పది రూపాయలు తగ్గించమనడం కూడా మరిచిపోయాను.

మర్నాటి నుంచి బస్సు నాకు బడి అయింది. తీగ చీరకు రాసుకుంటే గరగరమని చప్పుడొచ్చేది, దాన్ని చెవి వెనక నుంచి తిప్పి వేసుకోవడం రెండు రోజుల్లో పట్టుబడింది. అంతవరకు పాట మాత్రమే విన్నాను, ఇప్పుడు అత్తమ్మ గాజులు, ఆమె ఊపిరి తీసుకునే చోట్లు, ఎవరో పక్కన పసుపు కలిపే చప్పుడు, అన్నీ వినపడుతున్నాయి. నాలుగో రోజో ఐదో రోజో, గగన్‌పహాడ్ దాటుతుండగా, ఆ హోరు సన్నబడే చోట నేను అంతకుముందు ఎప్పుడూ విననిదొకటి దొరికింది. నవ్వులు. పందిట్లో ఆడవాళ్లంతా పగలబడి నవ్వుతున్నారు. దేవతలను పొగిడి దీవెనలు కోరే నలుగు పాటలో అంత నవ్వు ఎక్కడిది? ఆగలేకపోయాను. ఆ ఆదివారమే మామిడిపల్లిలో ఉన్న చిన్నత్త, అంటే అత్తమ్మ చెల్లెలు, ఆమె దగ్గరికి పరుగెత్తాను. ఆ రికార్డులో ఆమె కూడా ఉంది. ఒక టోపీ ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకుని విన్నాం. ఆమె మళ్లీ నవ్వింది.

"గా జాగల పాట లేదు బిడ్డా. అక్క ఎప్పటికప్పుడు కట్టి పాడుతది. పెళ్లోళ్లను ఎక్కిరియ్యాలె గదా. ఒక్కో పిల్లకు ఒక్కోటి."

అత్తమ్మ చెయ్యి తిప్పి వదిలేసింది మరిచిపోయి కాదు, అక్కడ ఏమీ లేదని. లేని చరణం కోసం నేను పది రోజులుగా వెతుకుతున్నాను. తిరుగు బస్సులో నాకు కలిగిన సంబరం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు తేలిపోతుంది. దొరకాల్సింది కాదు, కట్టాల్సింది. ఎక్కిరించడం అనేది నాకు ఒకరు నేర్పాల్సిన విద్యా?

నలుగు రోజు పందిట్లో అత్తమ్మను కుర్చీలో ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదటి రెండు చరణాలు రికార్డులో విన్నట్టే పాడాను. మూడోదానికి ముందు ఒక విమానం వచ్చింది, జనం మాటలు ఆపారు, నేను మాత్రం ఆగకుండా అది దాటిపోయేదాకా పల్లవినే తిప్పుకుంటూ వచ్చాను, నా చరణాన్ని విమానానికి ధారపోసే ఉద్దేశం నాకు లేదు. మేము మేనమామ వరసన పెట్టిన చీర అంచు చిన్నదని ఆడబిడ్డ రెండు రోజుల ముందు అన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. నిశ్శబ్దమయ్యాక అందుకున్నాను.

"మేనమామ తెచ్చెనే మేలైన చీర,
మీయమ్మ ఎంచెనే అంచుకొక వంక."

పందిరి పగిలేంత నవ్వు. పెళ్లికూతురు పసుపు చేతుల్లో మొహం దాచుకుంది. ఆడబిడ్డ మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఆమె కూడా నవ్వక తప్పలేదు. అత్తమ్మ అయితే బాగున్న చేత్తో మోకాలి మీద కొట్టుకుంటూ, మాట పోయిన ఆ నోటితోనే, గొంతులోంచి శబ్దం వచ్చేలా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. ఏడాదిలో ఆమె గొంతు మేం విన్నది అదే, ఆ చలికాలం దాటకుండానే ఆమె పోయింది.

ఇప్పుడు మా వైపు నలుగు ఫంక్షన్ హాల్లో ఏసీలో జరుగుతుంది. అద్దాలు మూసి ఉంటాయి, విమానం వచ్చిందో పోయిందో తెలియదు, పాట పెట్టెలోంచి వస్తుంది గనుక అందులో ఏ పెళ్లికూతురి అమ్మకూ చోటు లేదు. పిల్లలు ఎవరి చెవుల్లో వాళ్ల పాట పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లను తప్పుపట్టను, చెవులు మూసుకుని వినడంలోని సుఖం తెలిసినదాన్ని. కాని వాళ్లు విన్నది ఎవరికైనా తిరిగి పాడి వినిపిస్తారా అన్నదే నా అనుమానం.

ఆడబిడ్డతో నా తగువు మాత్రం ఇంకా తెగలేదు. నువ్వు తాళం తప్పినవ్, అందుకే అమ్మ నవ్వింది అంటుంది ఆమె. చరణం కుదిరింది గనుక నవ్విందని నేనంటాను. ఇన్నేళ్లుగా ఇద్దరం ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం, చెప్పగలిగిన మనిషికి అప్పటికే మాట పోయింది. ఆ రోజు పందిట్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మొహమాటం లేకుండా చెప్పండి: అత్తమ్మ నవ్వింది నా పాటకా, నా తప్పుకా?